ఆరు కిలోల సింహం

నాకు ముక్కు మీద కోపం అని మా ఇంట్లో అందరూ అంటారు. ఉన్న మాటే, కాదనను. కానీ ఆ కోపంలో ముప్పావు వంతు అట్టపెట్టెల వల్ల వచ్చిందని మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

నేను ఖతర్ వచ్చి ఇరవై రెండేళ్లు. పెళ్ళి కాకముందే వచ్చాను, పెళ్ళయ్యాక మా ఆయన్ని కూడా లాక్కొచ్చాను. ఇన్నేళ్లలో ఏ సెలవు దొరికినా కోనసీమకే పరుగు. ప్రయాణం కోసం ప్రార్థించమని శుక్రవారం చర్చిలో నోరు జారితే చాలు, ఆమెన్ పూర్తి కాకముందే నలుగురు నా వెనక నిలబడేవారు. "ఒక్క చిన్న పొట్లం అక్కా, అసలు బరువే ఉండదు." పాలపొడి డబ్బాలు, నొప్పుల నూనె సీసాలు, సబ్బులు, బాదంపప్పు, ఎవరి మేనకోడలికో బొమ్మ సైకిలు. ఒకావిడ మిక్సీ జార్లు నాతో పంపి, మిక్సీ వచ్చే ఏడాది పంపిస్తానంది. పంపింది కూడా, నాతోనే. మనిషికి ముప్ఫై కిలోలు ఇస్తే అందులో మావి ఎనిమిది, మిగతాదంతా ఊరిది. విమానం దిగాక బయట నిలబడిన బంధువుల కళ్ళు ముందు బండి మీది పెట్టెలకేసి వెళ్ళేవి, తర్వాత మాకేసి వచ్చేవి.

మా ఆయనకి ఇదంతా కష్టమనిపించేది కాదు. ఆయన వెస్ట్ బేలో ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. పగలంతా ఏసీ గొట్టాల బొమ్మలు గీస్తారు గానీ, ఆయన అసలు విద్య పెట్టె కట్టడం. ఆయన వేసిన ముడి కత్తి లేకుండా ఊడదని దోహాలో మేముండే ఐన్ ఖాలిద్ పేట మొత్తానికి పేరు. సెలవుల సీజన్లో మా వాకిట్లో మనుషులు ఖాళీ పెట్టెలు చంకలో పెట్టుకుని వరసలో నిలబడతారు. పడకగది తలుపు పైన ఒక కొక్కెం, దానికి వేలాడుతూ చేతి త్రాసు. పెట్టె తగిలించి, ఊపిరి బిగబట్టి, ఇరవై తొమ్మిది పాయింట్ తొమ్మిది కనిపిస్తే "హల్లెలూయ" అంటారు. పావుకిలో ఖాళీ మిగిలితే రెండు సబ్బులు దోపితే గానీ అన్నానికి రారు.

కిందటేడు మా అమ్మాయి విశాఖపట్నంలో కాలేజీలో చేరింది. జులైలో మాకు సెలవు, దానికి పరీక్షలు. "మీరు వస్తే నేను చదవలేను, ఈసారి ఇంకెక్కడికైనా వెళ్ళండి" అని ఫోన్లోనే చెప్పేసింది. కన్నబిడ్డ అలా అంటే ఏ తల్లైనా బాధపడాలి. నాకు మాత్రం పట్టరాని సంతోషం కలిగింది.

"ఏవండీ, ఆఫ్రికా వెళ్దాం," అన్నాను. "సఫారీకి."

ఆయన ఇడ్లీ ముక్కని చట్నీలోనే వదిలేశారు. "ఎందుకే?"

"సింహాల్ని చూడ్డానికి."

ఇది సగం నిజం. చిన్నప్పుడు మా ఊరికి వచ్చిన సర్కస్‌లో ఒక ముసలి సింహం ఉండేది. నేను చూసినంతసేపూ ఆవలిస్తూనే ఉంది. దాన్ని దాని ఇంట్లో చూడాలని అప్పటినుంచీ నాకొక కోరిక. మిగతా సగం నిజం ఏమిటంటే, ఆఫ్రికాలో మాకు ఎవరూ తెలీదు. అక్కడికి పాలపొడి పంపేవాళ్ళు లేరు, పుచ్చుకునేవాళ్ళు లేరు. జీవితంలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చేతులూపుకుంటూ విమానం ఎక్కి చేతులూపుకుంటూ దిగాలి. నాకు కావలసింది అదే. చర్చిలో ఒక్కరికీ చెప్పకూడదని మా ఆయన చేత ఒట్టు వేయించుకోబోయాను. ఒట్లు పెట్టుకోకూడదని బైబిలు వాక్యంలో ఉందన్నారు. సరే, మాట ఇమ్మన్నాను. ఇచ్చారు.

నా ఉద్యోగం గురించి ఇక్కడ కాస్త చెప్పాలి. నేను డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. కంపెనీలోకి వచ్చే ప్రతి డ్రాయింగుకీ, బయటికి వెళ్ళే ప్రతి ఉత్తరానికీ నంబరు వేసి, రిజిస్టర్లో ఎక్కించి, ఎవరు ఇచ్చారో ఎవరు పుచ్చుకున్నారో సంతకాలు తీసుకోవడం నా పని. అదే కాగితం మార్పులతో మళ్ళీ వస్తే దానికి రివిజన్ నంబరు వేస్తాను. "ఫోన్లో చెప్పాను కదా మేడమ్" అంటూ ఏ ఇంజనీరైనా వస్తే నేను తల కూడా ఎత్తను. "నంబరెంత?" అంటాను. రిజిస్టర్లో లేనిది ఈ లోకంలో లేనట్టే. ఈ ఒక్క మాటతో ఆరుగురు ప్రాజెక్టు మేనేజర్లని దారికి తెచ్చాను.

సఫారీకీ అదే పద్ధతి పెట్టాను. "సఫారీ ప్రణాళిక, రివిజన్ జీరో" అని పైన రాసి, తొమ్మిది పేజీలు ప్రింటు తీసి, అభ్యంతరాలుంటే రాయమని మా ఆయన చేతికిచ్చాను. ఏ రోజు నైరోబీలో దిగడం, ఏ రోజు చిన్న విమానంలో అడవికి వెళ్ళడం, పొద్దున ఎన్నింటికి జీపు ఎక్కడం, ఏ పూట ఏ జంతువు కనిపించే అవకాశం ఉందో, పసుపు జ్వరం సూది ఎప్పుడు వేయించుకోవాలో, అన్నీ అందులో ఉన్నాయి. చివర నలభై రెండు వస్తువుల జాబితా. ఆయన రెండు రోజులు దగ్గర పెట్టుకుని, ఎర్ర పెన్నుతో మూడే మూడు ప్రశ్నలు రాసి తిరిగిచ్చారు.

మొదటిది, అన్నం ఉంటుందా? ఉంటుందని రాశాను.

రెండోది, గుడారానికి తాళం ఉంటుందా? జిప్పు ఉంటుంది, సింహానికి జిప్పు తీయడం రాదు అని రాశాను.

మూడోది, కోతికి వచ్చు కదా?  "గమనించడమైనది" అని రాసి, సంతకం పెట్టి, ఫైలు మూసేశాను.

తర్వాత బట్టలు. నీలం, నలుపు వేసుకుంటే అక్కడొక రకం ఈగలు వెతుక్కుంటూ వచ్చి కుడతాయట. తెలుపైతే దుమ్ముకి నిలవదట. మట్టిరంగు ఒక్కటే మంచిదని సఫారీ కంపెనీవాళ్ళు రాశారు. మా ఆయన బీరువా తెరిస్తే ఆఫీసు చొక్కాలన్నీ నీలం, చర్చి చొక్కాలన్నీ తెలుపు. ఇద్దరికీ కొత్తగా ఖాకీ జతలు కొన్నాం. పల్చటి నూలువి, ఆఫ్రికా ఎండలకి హాయిగా ఉంటాయని నేనే ఏరాను. ఆయన వేసుకుని అద్దం ముందు నిలబడితే అచ్చం బస్సు కండక్టర్. "అమలాపురం, అమలాపురం, ఎక్కాలి ఎక్కాలి" అని ఆయనే అరిచారు. నేను పొట్ట పట్టుకుని నవ్వుతుంటే "నువ్వు నవ్వకు, నువ్వు డిపో మేనేజర్లా ఉన్నావు" అన్నారు. ఆ సాయంత్రానికి రివిజన్ వన్ తయారైంది.

అంతలో సఫారీ కంపెనీ నుంచి ఇంకో మెయిల్ వచ్చింది. అడవిలో దిగే విమానం మరీ చిన్నదట, గడ్డి మీద దిగుతుందట. కాబట్టి మనిషికి పదిహేను కిలోలు మాత్రమే. గట్టి పెట్టెలు పనికిరావు, చక్రాలు పనికిరావు, మెత్తటి సంచీ తప్ప ఇంకేదీ ఎక్కించరు. మా ఆయన దాన్ని మూడుసార్లు చదివారు.

"అట్టపెట్టె కూడా వద్దంటారా?"

"వద్దంటారు."

"తాడు కట్టినా?"

"తాడు కట్టినా."

వేళ్ళ మీద లెక్క వేశారు. "దోహా నుంచి నైరోబీకి పెద్ద విమానంలో మనిషికి ముప్ఫై ఇస్తున్నారు. మనం పట్టుకెళ్ళేది పదిహేను. మరి ఇద్దరివీ కలిపి మిగతా ముప్ఫై కిలోలూ ఏమవుతాయే?"

"ఏమీ కావు. ఖాళీగా వెళ్తాయి."

ఆ మాటకి ఆయన ముఖం చూసి తీరాలి. రెండు రోజులు ఇంట్లో ఎవరో పోయినట్టు తిరిగారు. ఒకసారి తలుపు దగ్గర ఒక్కరే నిలబడి, ఖాళీ త్రాసుని చేత్తో కిందికి లాగి అంకె చూస్తుండగా పట్టుకున్నాను.

మెత్తటి సంచీల కోసమని ఆయన నాకు చెప్పకుండా ఉమ్ సలాల్‌లో ఉండే డ్రైవర్ తమ్ముడికి ఫోన్ చేశారు. ఆ అబ్బాయిది కడప వైపు పల్లెటూరు. అక్కడొక విల్లాలో ఇంటి డ్రైవర్‌గా చేస్తాడు. మొదటిసారి ఇంటికి వెళ్తూ పెట్టె కట్టించుకోడానికి మా దగ్గరికి వచ్చాడు, అప్పటినుంచీ నేను అక్కని, మా ఆయన బావ. వాళ్ళ కఫీల్, అంటే ఆ విల్లా యజమాని, చలికాలంలో ఎడారిలో గుడారాలు వేసుకుని ఉంటాడు కాబట్టి ఆ ఇంటినిండా మెత్తటి సంచీలు ఉంటాయని మా ఆయన ఊహ. సంచీలు అడిగారు. ఎందుకని ఆ అబ్బాయి అడిగాడు. ఈయన చెప్పేశారు. "చర్చిలో చెప్పనని మాటిచ్చాను గానీ ఉమ్ సలాల్‌లో చెప్పనని ఇవ్వలేదు కదా" అని తర్వాత నాతో వాదన కూడా పెట్టుకున్నారు.

గురువారం సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగానే ఫోన్ మోగింది.

"ఏమక్కా, ఆఫ్రికా పోతాండావంట?"

"నీకెవరు చెప్పారు?"

"బావ జెప్పినాడులే. మా ఇంట్లో పనిచేసే పిల్ల ఉండాది గదా, ఆ పిల్లది కెన్యానే. నువ్వు పోతాండావని జెప్పినా. వాళ్ళమ్మకు ఒకటి పంపియ్యాలంట. ఈ పిల్లకు శుక్రారం గూడా సెలవు ల్యా. ఇంటికి పోయి మూడేండ్లాయ. వాళ్ళమ్మ ఎయిర్‌పోర్టు కాడికే వచ్చి తీసుకుంటాదంట. నువ్వు యాడికీ పోయే పనిల్యా."

నా కోపం నడినెత్తికెక్కింది. సింహాలు తిరిగే చోటుకి వెళ్తున్నా పార్సెల్ నన్ను వదలదా? ఇన్నేళ్లకి ఒక్కసారి చేతులూపుకుంటూ వెళ్దామంటే ఆఫ్రికాలో కూడా నా కోసం ఎవరో ఎయిర్‌పోర్టు దగ్గర నిలబడాలా?

"చోటు లేదు తమ్ముడూ," అన్నాను, గొంతులో తేనె పోసుకుని. "చిన్న విమానం. మనిషికి పదిహేను కిలోలే. ఏమీ అనుకోకు."

"సర్లే అక్కా. మాఫీ ముష్కిల్, ఏం పర్వాల్యా. ఆ పిల్లకు నేను జెప్తాలే."

అంత తేలిగ్గా ఒప్పేసుకున్నాడు. ఇంకాస్త బతిమాలి ఉంటే నా కోపం నిలబడేది.

ఫోన్ పెట్టేశాక నాకొకటి గుర్తొచ్చింది. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది నేను ఆడపిల్లల హాస్టల్లో ఉండేదాన్ని. జీతం కూడబెట్టి నాన్నకి కళ్ళజోడు కొన్నాను. డబ్బా నా అరచేతిలో పట్టేది. సెలవు మీద వెళ్తున్న మా పక్క ఊరావిడని పట్టుకెళ్ళమని అడిగాను. "చోటు లేదమ్మా" అని నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వుతూనే "పర్వాలేదు ఆంటీ" అన్నాను. స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఇన్నేళ్లూ ఎవరు ఏమిచ్చినా కాదనకపోవడానికి అదే కారణం. తిట్టుకుంటూ మోశాను గానీ, మోశాను. ఇప్పుడు అదే మాట, అంతే తియ్యగా, నా నోట్లోంచి వచ్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

"చోటు లేదా?" వెనకనుంచి మా ఆయన గొంతు. గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. "ముప్ఫై కిలోలు ఖాళీ పెట్టుకుని చోటు లేదంటావా? నేను బతికుండగా?"

ఆయన బాధ పూర్తిగా వేరు. అయినా ఆ నిమిషంలో నాకు ఆ సాకే కావలసి వచ్చింది. మళ్ళీ ఫోన్ చేశాను.

"ఒక్కటంటే ఒక్క వస్తువు," అన్నాను. "తినేది కాకూడదు, కారేది కాకూడదు, పగిలేది కాకూడదు. రేపు మేము చర్చి నుంచి వచ్చాక తీసుకురా."

శుక్రవారం మిట్టమధ్యాహ్నం. బయట నిలబడితే కళ్ళజోడు వేడెక్కి ముక్కు కాలే ఎండ. డ్రైవర్ తమ్ముడు కారు వెనక తలుపు తీశాడు. సీటు మీద సింహం.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకీ వాళ్ళ బంధువులకీ ఆ దుప్పటి గురించి చెప్పక్కర్లేదు. బొచ్చు దుప్పటి, రెండు పొరలు, జిప్పున్న ప్లాస్టిక్ సంచీ, దుప్పటి మధ్యలో పులో సింహమో గులాబీపువ్వో. ఏడాదిలో పది నెలలు చెమటలు కారే కోనసీమలో ప్రతి ఇంటి బీరువా మీదా అదొకటి ప్లాస్టిక్ విప్పకుండా కూర్చుని ఉంటుంది. వాటిలో పదకొండు నేను మోసినవే. ఈ పన్నెండోదాన్ని మోసుకుని నేను సింహాల దేశానికి వెళ్ళాలి.

నాకు నవ్వాగలేదు. "ఆఫ్రికాకి సింహం బొమ్మ ఎందుకు తమ్ముడూ? అయినా ఆ ఎండల్లో దుప్పటేం చేసుకుంటారు?"

"యాడ ఎండలక్కా? వాళ్ళ ఊరు కొండమింద ఉండాదంట. అంతా తేయాకు తోటలేనంట. ఈ నెల్లో చలికి పండ్లు కొట్టుకుంటాయంట. వాళ్ళమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఈ పిల్ల మూడు నెల్ల నుంచి మంచం కింద పెట్టుకోని ఉండాది, ఎవరన్నా పోతారేమోనని."

ఆఫ్రికాలో చలేమిటి, ఇతనికేం తెలుసు అనుకున్నాను. నా ప్రణాళికలో చలి అన్న మాట ఎక్కడా లేదు మరి.

దుప్పటి నా చేతుల్లో పెట్టి, కారు తిప్పుకుని, అద్దం దించి మళ్ళీ పిలిచాడు. "ఇంగొకటక్కా. వాళ్ళమ్మది ఒక ఫోటో తీసకరమ్మనింది. ఆయమ్మది బటన్ల ఫోను. మాట ఇనబడ్తాదే గానీ మనిషి కనబడదు. ముఖం సూసి మూడేండ్లాయ. మర్సిపోవద్దు."

"సరే సరే, తీస్తానులే. ముందు అద్దం ఎత్తు, ఏసీ అంతా పోతోంది," అన్నాను.

ఆరు కిలోల బొచ్చుని కావిలించుకుని మెట్లెక్కేసరికి నా చీర ఒంటికి అతుక్కుపోయింది. మా ఆయన దాన్ని నా చేతుల్లోంచి లాక్కుని త్రాసుకి తగిలించారు. ఆరు కిలోల రెండు వందల గ్రాములు. ఎక్కడ దాచారో, పెట్టె వచ్చింది, తాడు వచ్చింది, మార్కర్ పెన్ను వచ్చింది. పాట పాడుకుంటూ మోకాలితో నొక్కి, అడ్డంగా నాలుగు చుట్లు, నిలువుగా నాలుగు చుట్లు వేసి కట్టారు. నేను రిజిస్టర్ తెరిచి రాశాను. నలభై మూడు: దుప్పటి, ఒకటి, సింహం బొమ్మతో. ఇచ్చినవారు, పుచ్చుకునేవారు, స్థితి పెండింగ్. రివిజన్ టూ ప్రింటు తీసి, ఇక మార్పులు లేవని ప్రకటించాను.

"ఇంకా ఇరవై మూడున్నర మిగిలింది," అన్నారు మా ఆయన ఆశగా.

"నోరెత్తారంటే అందులో మిమ్మల్ని కట్టి పంపిస్తాను," అన్నాను.

నైరోబీలో విమానం దిగి బయటికి రాగానే నా పళ్ళు టకటక కొట్టుకున్నాయి. సన్నటి వాన, చల్లటి గాలి, పల్చటి ఖాకీల్లో మేమిద్దరం. నలభై ఆరు డిగ్రీల్లోంచి వచ్చిన మాకు అది మంచుకొండే. "చలి. గమనించడమైనదా?" అన్నారు మా ఆయన, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని.

జనంలో ఒక పొట్టి ముసలావిడ. ఉన్ని టోపీ, మగవాళ్ళ కోటు, చేతిలో దోహా అని ఇంగ్లీషులో రాసిన అట్టముక్క. ఆవిడ కళ్ళు ముందు పెట్టెకేసి వెళ్ళాయి, తర్వాత నాకేసి వచ్చాయి. నాకు చిరపరిచితమైన చూపు. ఆవిడ భాష నాకు రాదు, నా ఇంగ్లీషు ఆవిడకి రాదు. పెట్టె ముందు చతికిలబడి తాడు మీద రెండు చేతులూ వేసింది. అలవాటు ప్రకారం, సరుకు చేరినట్టు రుజువుగా, ఒక ఫోటో తీసుకున్నాను. కత్తి కావాలని మా ఆయన సైగ చేస్తున్నారు. ఆవిడ వినిపించుకోలేదు. పంటితో ఒకచోట లాగి, వేళ్ళతో రెండుచోట్ల సడలించి, ఐన్ ఖాలిద్‌లో ఎవరూ విప్పలేని ముడిని రెండు నిమిషాల్లో విప్పేసింది. మా ఆయన ఆ తాడుకేసి చూస్తూ ఉండిపోయారు.

ఆవిడ దుప్పటి బయటికి లాగింది. అక్కడే, అంత జనంలో, తల మీదనుంచి కప్పుకుంది. వీపు మీద సింహం ముఖం పరుచుకుంది. మాకు చూపించడానికి ఒకసారి గుండ్రంగా తిరిగింది, నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది, మళ్ళీ ఒకసారి తిరిగింది. నేను వణకడం చూసి, దుప్పటి ఒక కొస నా భుజం మీదుగా వేసి దగ్గరికి లాక్కుంది. కాసేపు ఇద్దరం ఒకే సింహం కింద నిలబడ్డాం. తర్వాత కోటు లోపలినుంచి గుడ్డలో కట్టిన టీపొడి మూట తీసి నా చేతిలో పెట్టింది. దోహా వైపు అని చేత్తో చూపించింది. చేతులూపుకుంటూ వెనక్కి వెళ్ళే యోగం కూడా నాకు లేదని అర్థమైంది. ఆఫ్రికాలో నేను చూసిన మొదటి సింహం అలా వాన్లో నడుచుకుంటూ బస్టాపుకి వెళ్ళిపోయింది.

అడవి గురించి ఎక్కువ చెప్పను. చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకి చెబితే డప్పు కొట్టుకున్నట్టు ఉంటుంది. ఏనుగుల మంద మా జీపు ముందునుంచి దాటుతుంటే మా ఆయన నా చేయి పట్టుకుని, అరగంట దాకా వదల్లేదు. అన్నం ఉంది. కోతి జిప్పు తీసింది, మా ఆయన టోపీ పట్టుకుపోయింది, ఆయన మూడో ప్రశ్న నెగ్గింది. మూడో రోజు పొద్దున ఒక చెట్టు కింద సింహం కనిపించింది. అదీ ఆవలించింది. కానీ ఈసారి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎందుకో తెలీదు. "దుప్పటి మీదదే కాస్త పెద్దదిలా ఉంది" అని మా ఆయన గుసగుసలాడారు. ఆ ఐదు రోజుల్లో నేను తీసిన ఫోటోలు ఎనిమిది వందల పన్నెండు.

దోహా తిరిగొచ్చిన మర్నాడు రిజిస్టర్ ముందు పెట్టుకుని ఒక్కొక్కటే కొట్టేశాను. నలభై మూడు, దుప్పటి, చేరినది, రుజువు జతచేయడమైనది. పద్దుల్లో ఒక్కటి కూడా మిగల్లేదు. గర్వంగా టీ పెట్టుకుంటుంటే ఫోన్ వచ్చింది.

"వచ్చినావా అక్కా? ఫోటో తీసినావా? ఆ పిల్ల పొద్దన్నుంచి నా కారు సుట్టే తిరగతాండాది."

స్టవ్ ఆపేశాను. ఫోటో. కారు అద్దంలోంచి చెప్పాడు. నేను సరే సరే అన్నాను. ఎక్కడా రాసుకోలేదు. ఇరవై రెండేళ్లు ఇంజనీర్లని నంబరెంత, నంబరెంత అని ఏడిపించిన నోటితో నేను ఏం చెప్పను? ఆరు కిలోలు మోయడానికి అంత గొడవ చేశాను. అసలు బరువే లేనిది ఒక్కటి అడిగితే మరిచిపోయాను.

ఎనిమిది వందల పన్నెండు ఫోటోలూ వెతికాను. మా ఆయన కూడా పక్కన కూర్చున్నారు. ఏనుగులు, జిరాఫీలు, అడవిపంది వెనక భాగం పదిహేడు. చివరికి మొదట్లోనే ఉంది, సరుకు చేరినట్టు తీసిన రుజువు. పెట్టె స్పష్టంగా ఉంది. తాడు ఉంది, మా ఆయన రాసిన అక్షరాలు ఉన్నాయి. ముసలావిడవి రెండు చేతులు, ముడి మీద. అంతే. ముఖం లేదు. దిగగానే పెట్టెలకేసి చూస్తారని మా బంధువుల్ని ఇన్నేళ్లు తిట్టుకున్నాను. నేనూ పెట్టెనే చూశాను.

ఆ సాయంత్రం పొద్దుగుంకక ముందే ఉమ్ సలాల్ వెళ్ళాం. విల్లా గేటు పక్కన డ్రైవర్ తమ్ముడు కారు తుడుస్తున్నట్టు నిలబడ్డాడు. చెత్త సంచీ పారేయడానికి వచ్చినట్టు ఆ పిల్ల వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. నవ్వితే నోటికి చేయి అడ్డం పెట్టుకుంది, తల్లిలాగే. టీపొడి మూట ఇచ్చాను. గుడ్డ ముక్కుకి ఆనించుకుని గట్టిగా వాసన పీల్చింది.

"ఫోటో?" అంది.

నిజం చెప్పేశాను. మరిచిపోయానని, తప్పు నాదేనని, ఇదొక్కటే ఉందని ఫోన్ ఇచ్చాను. రెండు వేళ్ళతో ఆ చేతుల్ని పెద్దవి చేసుకుని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఇంగ్లీషూ అరబ్బీ కలిపి, నాతో కాదు, ఫోన్‌తోనే చెబుతున్నట్టు అంది. "వేళ్ళు నల్లగా ఉన్నాయి. తేయాకు కోస్తేనే ఇలా అవుతాయి. మోకాళ్ళ నొప్పులని కోత పని ఏడాది కిందటే మానేశానంది అమ్మ. ప్రతి వారం ఫోన్లో అదే చెబుతుంది."

ముఖం ఫోటో తెచ్చి ఉంటే ఆ ముఖం నవ్వుతూ ఉండేది, ఈ సంగతి తెలిసేది కాదు. అలా తెలియకపోవడమే బాగుండేదేమో. నాకు ఆ పిల్ల ముందు నిలబడలేనంత సిగ్గేసింది.  డ్రైవర్ తమ్ముడు సీటు మీద పరుచుకునే పెద్ద తువ్వాలు కారు మీద ఆరేసి ఉంది. లాగి తల మీదనుంచి కప్పుకున్నాను.

"ఇలా కప్పుకుంది," అన్నాను. "సింహం వీపు మీదికి వచ్చింది. అందరూ చూస్తుండగా ఇలా తిరిగింది." తిరిగాను. ఆ ఎండలో, గేటు ముందు, నా వయసుకీ నా ఒంటికీ తగని పని. "ఇలా నోటికి చేయి పెట్టుకుని నవ్వింది. మా ఆయన వేసిన ముడిని పళ్ళతో విప్పింది. ఆయన ఇంకా ఏడుస్తున్నారు." మా ఆయన తల వంచి ఏడుస్తున్నట్టు నటించారు. "నన్ను కూడా దుప్పటిలోకి లాక్కుంది. వెచ్చగా ఉంది. చాలా వెచ్చగా ఉంది."

ఆ పిల్ల నవ్వింది. నవ్వుతూనే మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. లోపలినుంచి ఎవరో పిలిచారు. "యల్లా, పో పో" అన్నాడు డ్రైవర్ తమ్ముడు. ఆ పిల్ల గేటు మీద చేయి వేసి కూడా కదల్లేదు.

"ఎలా తిరిగింది?" అని అడిగింది. "ఇంకొక్కసారి."

తువ్వాలు మళ్ళీ సర్దుకున్నాను. ఈసారి నెమ్మదిగా తిరిగాను.